బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిజంగా ఫైర్‌మనేనా? స్పీచ్ ఇవ్వాలి, తెలిసినవాళ్లు చెప్పండి

సేఫ్టీ_సుబ్బు

అందరికీ నమస్కారం. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ సెక్షన్‌లో చేస్తుంటాను. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు కదా, ఏటా ఆ స్పీచ్ నాకే తగిలిస్తారు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలిన కథ ఇప్పటికి నాలుగు సార్లు చెప్పాను, ఐదోసారి మొదలుపెడితే ప్యాకింగ్ సెక్షన్ వాళ్లే నా బదులు పూర్తి చేసేస్తారు.

ఈసారి ఏదైనా కొత్తది చెబుదామని చూస్తుంటే వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. నూరు డాలర్ల నోటు మీద ఉంటాడే, ఆ ఫ్రాంక్లిన్ గురించి. అమెరికాలో మొట్టమొదటి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయనే పెట్టాడట. "రోగం వచ్చాక మందు కంటే ముందు జాగ్రత్త మేలు" అని డాక్టర్లు చెప్పే మాట ఆయన అసలు మంటల గురించే అన్నాడట. ఇంకోటి, ఇంటి గోడకి ఇన్సూరెన్స్ కంపెనీ బిళ్ల లేకపోతే ఫైర్‌వాళ్లు వచ్చి, చూసి, చేతులు కట్టుకుని నిలబడేవాళ్లట. ఈ చివరిది చెబితే జనం బాగా వింటారు గానీ, అబద్ధమైతే మా జీయంగారు అందరి ముందే పట్టేసుకుంటారు, ఆయన గూగుల్ చేసే రకం. ఇందులో నిజమెంత? దయచేసి లింకులు పడేసి వెళ్లకండి, మీ మాటల్లో చెప్పండి.

పాతపుస్తకాల_పురుగు

సుబ్బుగారూ, మీ మూడింటిలో ఒకటి పూర్తిగా నిజం, ఒకటి సగం, ఒకటి దాదాపు కట్టుకథ. ఆ మూడోది వేరేవాళ్లకి వదిలేస్తాను, నాకు ఇష్టమైన భాగం ఉత్తరం.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో పుట్టాడు, 17 ఏళ్లకి ఇల్లొదిలి ఫిలడెల్ఫియా చేరి, తర్వాత అక్కడే ప్రెస్సు పెట్టి, పెన్సిల్వేనియా గెజెట్ అనే పత్రిక నడిపాడు. 1730 ఏప్రిల్‌లో డెలావేర్ నది ఒడ్డున ఫిష్‌బోర్న్ రేవు దగ్గర నిప్పంటుకుని గిడ్డంగులూ, పక్కన ఇళ్లూ కాలిపోయాయి. నీళ్లు చిమ్మే మంచి ఇంజనూ సరైన సామానూ దగ్గరుంటే ఇంత జరిగేది కాదని ఆయన పత్రికే రాసింది. ఆ తర్వాత నగరంవాళ్లు ఇంజన్లు, బకెట్లు, నిచ్చెనలు, కొక్కేలు కొనే పనిలో పడ్డారు. అంటే మన సామెత ప్రకారం ఇల్లు కాలాక బావి తవ్వడం మొదలెట్టారు. సామాను వచ్చింది సరే, మంట లేస్తే ఎవరు పరిగెత్తాలి, ఎవరు ఏది పట్టుకోవాలి అన్నది మాత్రం ఎవరికీ తెలీదు.

1735 ఫిబ్రవరి 4న గెజెట్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాడు తనని తాను ముసలివాణ్ణని, చేతులు పనిచేయవని, ఇళ్లు తగలబడుతుంటే సాయం పట్టలేను గనక ఈ నాలుగు సలహాలైనా వినండని మొదలుపెట్టాడు. ఆ "ముసలాయన" ఎవరయ్యా అంటే 29 ఏళ్ల ఫ్రాంక్లినే! సొంత పత్రికకి మారుపేరుతో తనే ఉత్తరం రాసుకున్నాడు. ఇప్పుడైతే ఫేక్ అకౌంట్ అని ఇక్కడ బ్లాక్ చేసేవాళ్లం.

మీరడిగిన సామెత ఆ ఉత్తరంలోనే ఉంది, ఇంగ్లీషులో అది "ఔన్సు ముందుజాగ్రత్త పౌండు వైద్యంతో సమానం" అని ఉంటుంది, అదీ ఆరోగ్యం గురించి కాదు. సరిగ్గా ఏ సందర్భంలో అన్నాడంటే, పారలో నిండా కణకణలాడే బొగ్గులు పోసుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, మెట్ల మీదుగా పైకీ కిందకీ మోసుకుపోతారు కదా, అలా వద్దు, మూత ఉన్న పాత్రలోనే తీసుకెళ్లండి అని. ఒక్క నిప్పురవ్వ చెక్కల సందులో పడితే అర్ధరాత్రి దాకా బయటపడదు, తీరా మెట్లు అంటుకున్నాక మీరు కిటికీలోంచి దూకాల్సి వస్తుంది, నేనూ ఒకసారి అలాగే దూకాను, లేకపోతే బాగా వేగిపోయేవాణ్ణి అని జోకు కూడా వేశాడు. (దూకింది ఆ కల్పిత ముసలాయన. ఫ్రాంక్లిన్ దూకాడని స్పీచ్‌లో చెప్పకండి.)

మా నాయనమ్మ చిన్నప్పుడు అగ్గిపెట్టె ఖర్చు ఎందుకని పక్కింట్లోంచి పిడక మీద నిప్పు తెచ్చుకునేవాళ్లట. తాటాకు చూరు కిందుగా, గాలి వాటానికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

ఇంకా చాలా చెప్పాడు అందులో. పొయ్యిగూళ్లకి చుట్టూ చెక్క అలంకారాలు వద్దన్నాడు. చిమ్నీలు ఊడ్చేవాళ్లకి మేయర్ లైసెన్సు ఇవ్వాలన్నాడు, ఊడ్చిన 15 రోజుల్లోపు ఆ చిమ్నీ అంటుకుంటే ఊడ్చినవాడికి జరిమానా వేయాలన్నాడు. వర్క్ పర్మిట్, కాంట్రాక్టర్ బాధ్యత అని మీరు రోజూ ఫ్యాక్టరీలో మొత్తుకునేది అదే కదండీ.

సేఫ్టీ_సుబ్బు

అబ్బ, ఆ చిమ్నీ జరిమానా ఒక్కటి చాలు సార్ నాకు! మరి ఫైర్ డిపార్ట్‌మెంట్ సంగతి? అదేనా సగం నిజం?

పాతపుస్తకాల_పురుగు

అవును, అదే సగం. 1736 డిసెంబర్ 7న ఫ్రాంక్లినూ ఆయన స్నేహితులూ కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టారు. ఇది ప్రభుత్వ శాఖ కాదు, జీతాల్లేవు, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. పైగా "మొట్టమొదటిది" అంటే బోస్టన్‌వాళ్లు ఊరుకోరు. అక్కడ 1670ల చివర్లోనే ఇంజనుకి డబ్బిచ్చి మనుషుల్ని పెట్టారు, 1717-18 ప్రాంతంలో పరస్పర సహాయ సంఘాలూ వచ్చాయి. అయితే ఆ సంఘాలు ముఖ్యంగా తమ సభ్యుల సొత్తు కాపాడుకోవడానికి పెట్టుకున్నవి. సభ్యుడు బకెట్లతో పాటు మంచం విప్పే పానా కూడా దగ్గర పెట్టుకునేవాడు, ఎందుకంటే ఇంట్లో ఖరీదైన సామానంటే మంచమే. ఫ్రాంక్లిన్ పుట్టిన ఊళ్లో చూసిందే ఫిలడెల్ఫియాకి తెచ్చాడు, ఆ ఉత్తరంలో బోస్టన్ పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. తేడా ఏంటంటే యూనియన్ కంపెనీ సభ్యుడిదా కాదా అని చూడకుండా ఎవరిల్లు కాలినా వెళ్లేది.

అసలు నాకు నచ్చేది వాళ్ల నిబంధనల కాగితం. ప్రతి సభ్యుడూ సొంత ఖర్చుతో 2 తోలు బకెట్లు, 4 ముతక నార గుడ్డ సంచులు చేయించుకోవాలి. ఒక్కో సంచికి కనీసం 4 గజాల గుడ్డ, మూతి దగ్గర లాగితే బిగిసే తాడు, వాటి మీద తన పేరు పొడి అక్షరాలు. ఇంకే పనికీ వాడకూడదు. బకెట్ నీళ్లకి, సంచి సామాను బయటికి మోయడానికి. రాత్రిపూట మంట అయితే చుట్టుపక్కల కిటికీల్లో దీపాలు పెట్టాలి, చీకట్లో ఒకరినొకరు తొక్కుకోకుండా. కొందరు సామాను తరలించాలి, కొందరు గుమ్మం దగ్గర కాపలా ఉండాలి. ఎందుకంటే ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగేవాళ్లు మన దగ్గరే కాదు, సందట్లో వెండి గిన్నెలు సర్దుకుపోయేవాళ్లు అక్కడా ఉన్నారు.

నెలకోసారి సాయంత్రం కలిసేవాళ్లు, భోంచేసి మంటల గురించి ఏం తోస్తే అది మాట్లాడుకునేవాళ్లు. రాకపోతే జరిమానా. ఆ జరిమానాల డబ్బుతోనే ఇంజన్లు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నామని తన ఆత్మకథలో రాసుకున్నాడు. బద్ధకస్తుల డబ్బుతో ఇంజను కొనడం, అదీ ఫ్రాంక్లిన్ బుర్ర!

ఇంకా చేరతాం అని జనం వస్తే, మా దగ్గర ఖాళీ లేదు మీరే ఇంకోటి పెట్టుకోండి అన్నారు. 1738లో ఫెలోషిప్, 1742లో హ్యాండ్-ఇన్-హ్యాండ్ కంపెనీలు అలా వరుసగా పుట్టుకొచ్చాయి.

జెర్సీ_బావ

బిళ్ల సంగతి నేను చెబుతా. మేముండేది ఫిలడెల్ఫియాకి గంట దూరం, చుట్టాలెవరొచ్చినా లిబర్టీ బెల్ చూపించాలి గనక ఆ ఊరు నాకు కంఠతా వచ్చేసింది. పోయినసారి మా అత్తగారూ మామగారూ వస్తే ఓల్డ్ సిటీలో పాత ఇటుక ఇళ్ల సందుల్లో తిప్పాను. రెండో అంతస్తు ఎత్తులో, గోడ మీద, చెక్క పలకకి బిగించిన సీసం బొమ్మ, నాలుగు చేతులు ఒకదాని మణికట్టు ఒకటి పట్టుకుని చతురస్రంలా ఉంటాయి. చిన్నపిల్లలు కుర్చీ ఆట ఆడి ఒకర్ని మోస్తారు చూడండి, అచ్చం అదే పట్టు. మా మామగారు "ఇదేంటయ్యా, దిష్టిబొమ్మా?" అన్నారు.

అది ఫిలడెల్ఫియా కాంట్రిబ్యూషన్‌షిప్ అనే ఇన్సూరెన్స్ సంస్థ గుర్తు. 1752లో ఫ్రాంక్లినూ ఫైర్ కంపెనీల మనుషులే కలిసి పెట్టారు, లండన్‌లో అప్పటికే ఉన్న హ్యాండ్-ఇన్-హ్యాండ్ అనే ఇన్సూరెన్స్ సంస్థ నమూనా చూసి. ఇప్పటికీ నడుస్తోంది. ఇల్లు వచ్చి చూసి, ఎలా కట్టారో లెక్కవేసి రేటు చెప్పేవాళ్లు, పాలసీ 7 ఏళ్లకి.

ఇక బిళ్ల లేకపోతే ఆర్పరు అనే కథ. లండన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలకి సొంత ఫైర్ దళాలుండేవి, ఆ కథ బహుశా అక్కడి నుంచి ఎగిరొచ్చి వీళ్ల మీద వాలింది. ఫిలడెల్ఫియాలో ఆర్పేవాళ్లు ఇన్సూరెన్స్ వాళ్ల నౌకర్లు కాదు, విడిగా ఉన్న స్వచ్ఛంద దళాలు. బిళ్ల లేని ఇంటిని వదిలేశారనడానికి గట్టి ఆధారం ఏదీ లేదని చరిత్రకారులే అంటారు. కాస్త ఆలోచించినా తెలిసిపోతుంది బ్రదర్, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు అవి, బిళ్ల లేని ఇంటిని వదిలేస్తే పది నిమిషాల్లో బిళ్ల ఉన్న ఇల్లు అంటుకుంటుంది, అప్పుడు నష్టం ఎవరికి?

దానికంటే మంచి కథ చెట్ల కథ, అది నిజం కూడా. ఇంటి ముందు చెట్లుంటే మంటలార్పడానికి అడ్డమని 1781లో కాంట్రిబ్యూషన్‌షిప్ వాళ్లు చెట్లున్న ఇళ్లకి ఇన్సూరెన్స్ ఇవ్వమన్నారు. చెట్లు కొట్టడం ఇష్టంలేని వాళ్లు అలిగి 1784లో వేరే కంపెనీ పెట్టుకున్నారు, వాళ్ల బిళ్ల మీద బొమ్మ ఏంటో తెలుసా, పచ్చటి చెట్టు!

నార్త్ సెకండ్ స్ట్రీట్‌లో ఫైర్‌మన్స్ హాల్ అని పాత ఫైర్ స్టేషన్‌నే మ్యూజియం చేశారు, పిల్లలున్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. తోలు బకెట్ దగ్గర్నుంచి చూస్తే చెప్పులు కుట్టినట్టే ఉంటుంది కుట్టు. ఇంకోమాట, మా టౌన్‌లో ఫైర్ స్టేషన్ ఇప్పటికీ వాలంటీర్లదే. మా పక్కింటాయన ప్లంబరు, పేజర్ మోగితే గడ్డి కోసే మిషన్ లాన్ మధ్యలో అలాగే వదిలేసి కారెక్కేస్తాడు.

వంకర_ప్రశ్న

అంతా బాగానే ఉంది గానీ, దేవుణ్ణి చేసేస్తున్నారేమో చూసుకోండి. తోలు బకెట్లు సొంత ఖర్చుతో, రాకపోతే జరిమానా, నెలకోసారి విందు... ఇది ఉన్నోళ్ల క్లబ్బు కాదా? బకెట్ కొనలేనివాడి సంగతేంటి?

పాతపుస్తకాల_పురుగు

వంకరగా అడిగినా తిన్నటి ప్రశ్నే. ఆస్తి ఉన్నవాళ్లలో చాలామంది ఈ కంపెనీల్లో చేరారని ఆయనే రాశాడు, ఆస్తి ఉన్నవాళ్లని స్పష్టంగానే. నిజానికి మంట దగ్గర బకెట్ల వరసలో నిలబడింది మాత్రం సభ్యులు ఒక్కరే కాదు. ఆ రోజుల్లో ఇంజనంటే నీళ్ల తొట్టి, రెండు పక్కలా కొయ్య పిడులు, వాటిని మనుషులు కిందికీ పైకీ కొడుతుంటే నీళ్లు చిమ్మేవి. తొట్టిలోకి నీళ్లు బకెట్లతో పోయాల్సిందే. బావి నుంచి ఇంజను దాకా ఒక వరస నిండు బకెట్లు అందిస్తే, ఇంకో వరస ఖాళీవి వెనక్కి పంపేది. ఇరవై మంది సభ్యులతో అది అయ్యే పని కాదు, వీధంతా దిగాలి.

తర్వాతి కాలం కూడా చెప్పాలి మరి. 1800ల మధ్యకి వచ్చేసరికి ఇవే వాలంటీర్ కంపెనీలు ఫిలడెల్ఫియాలో ముఠాల్లా తయారయ్యాయి, ఎవరు ముందొచ్చారని మంట దగ్గరే కొట్టుకునేవాళ్లు. చివరికి 1871లో నగరమే జీతాలిచ్చి సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టుకుంది. కాబట్టి సుబ్బుగారూ, "డిపార్ట్‌మెంట్" అనే మాట 1871కి ఉంచండి, ఫ్రాంక్లిన్‌ది "కంపెనీ".

ఎర్త్‌పిట్_ఏఈ

ఇంతసేపు బకెట్లేనా, పిడుగు సంగతి ఎవరూ ఎత్తలేదే! సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాణ్ణి, నా దృష్టిలో ఫ్రాంక్లిన్ ఆర్పిన మంటల కంటే రాకుండా ఆపిన మంటలే ఎక్కువ.

1752 జూన్‌లో ఉరుముల్లో గాలిపటం ఎగరేసి మెరుపంటే కరెంటేనని చూపించిన కథ అందరికీ తెలిసిందే. దానికి నెల ముందే మే 10న ఫ్రాన్స్‌లో మార్లీ అనే ఊళ్లో డాలిబార్ అనే శాస్త్రవేత్త ఏర్పాటు చేసిన ఇనుప కమ్మీ ఫ్రాంక్లిన్ చెప్పినట్టే మబ్బులోంచి నిప్పురవ్వలు లాగింది. గాలిపటం కంటే నాకు ముఖ్యం 1753 పంచాంగం. పూర్ రిచర్డ్ అని ఏటా ఆయన అచ్చేసే పంచాంగంలో ఇంటికి పిడుగు తగలకుండా ఏం చేయాలో మేస్త్రీకి చెప్పినట్టు రాశాడు. సన్నటి ఇనుప కమ్మీ, కింది కొస 3-4 అడుగులు తడి మట్టిలో దిగాలి, పై కొస ఇంటి కప్పు మీద 6-8 అడుగులు లేవాలి, ఆ కొసకి అడుగు పొడవున స్వెటర్ అల్లే సూది మందంలో ఇత్తడి తీగ, చివర వాడిగా సాన పట్టాలి. పొడవాటి ఇల్లయితే రెండు చివరలా రెండు కమ్మీలు, మధ్యలో కప్పు వెంట తీగ. "తడి మట్టి" అన్నాడు చూశారా, ఎర్త్ పిట్‌లో (కరెంటు భూమిలోకి దిగే గుంతలో) నీళ్లు పోయమని మేం ఇప్పటికీ లైన్‌మన్లని తిడుతూనే ఉన్నాం.

అప్పట్లో యూరప్‌లో ఉరుములొస్తే చర్చి గంటలు మోగించేవాళ్లు, పిడుగు పారిపోతుందని. ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన గోపురం, కింద తడిసిన తాడు పట్టుకున్న మనిషి. 1784లో మ్యూనిక్‌లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 33 ఏళ్లలో 386 గోపురాల మీద పిడుగు పడి 103 మంది గంట కొట్టేవాళ్లు చచ్చిపోయారు. కమ్మీ పెట్టొచ్చు కదా అంటే దానికీ గొడవే. 1755లో బోస్టన్‌లో భూకంపం వస్తే, ఈ కమ్మీలన్నీ కరెంటుని భూమిలోకి దింపబట్టే కంపించిందని థామస్ ప్రిన్స్ అనే పాస్టరు అన్నాడు. అమెరికా తిరుగుబాటు రోజుల్లో ఇంగ్లండ్ రాజు మూడో జార్జి ఇంకా ముందుకెళ్లాడు, ఫ్రాంక్లిన్ వాడి మొన పెట్టమన్నాడు గనక తన భవనానికి గుండ్రటి మొనే కావాలన్నాడు. పిడుక్కి రాజకీయం ఏం తెలుసు పాపం.

నాకు అన్నిటికంటే నచ్చేది చివరి సంగతి. ఫ్రాన్స్ నుంచి ముసలితనంలో తిరిగొచ్చాక సొంతింటికి రిపేర్లు చేయిస్తూ పైన ఉన్న రాగి మొన చూస్తే దాదాపు మొత్తం కరిగిపోయి ఉంది. ఆయన లేనప్పుడు ఇంటి మీద పిడుగు పడింది, ఇంటికి ఏమీ కాలేదు. మొత్తానికి కనిపెట్టినవాడికీ కాస్త పనికొచ్చింది అని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. వీటిలో దేనికీ పేటెంట్ తీసుకోలేదు మహానుభావుడు. 1744లో ఆయన పాంఫ్లెట్ వేసిన ఇనుప పొయ్యికి గవర్నరే పేటెంట్ ఇస్తానన్నా వద్దన్నాడు. (ఆ పొయ్యి మొదట్లో పొగ సరిగ్గా లాగేది కాదు లెండి, అన్నీ హిట్లే అవ్వవు కదా.)

సేఫ్టీ_సుబ్బు

అందరికీ పెద్ద నమస్కారం, ఇది పదిహేను నిమిషాల్లో పట్టేలా లేదు. బిళ్ల కథ తీసేస్తున్నా, చెట్టు కథ పెడుతున్నా. ఒక్క సాయం, ఆ ఔన్సు-పౌండు సామెతని తెలుగులో ఎలా చెప్పను? బ్యానర్ మీద రాయించాలి. ఇల్లు కాలాక బావి తవ్వడం అంటే తిట్టినట్టుంది.

జెర్సీ_బావ

"నివారణే చికిత్స" అని రాయించకు బ్రదర్, ప్రతి గవర్నమెంటు ఆసుపత్రి గోడ మీదా అదే, చదివేవాడు లేడు.

పాతపుస్తకాల_పురుగు

"తులం జాగ్రత్త వీశెడు మందు పెట్టు." పాత తూకాల్లో వీశెకి 120 తులాలు, పౌండుకి 16 ఔన్సులే. కాబట్టి మనది ఫ్రాంక్లిన్ కంటే ఏడున్నర రెట్లు ఘాటు. మీ జీయంగారు గూగుల్ చేసినా దొరకదు.

సేఫ్టీ_సుబ్బు

అదే ఖాయం సార్, పెయింటర్‌కి వాట్సాప్ చేసేశా. ఈలోగా పేరు రాసిన బకెట్ల ముచ్చట విన్నాక ఆగలేక ఇందాక షిఫ్ట్ మారేటప్పుడు మా స్టోర్స్ పక్కన స్టాండుకి వేలాడే ఎర్ర బకెట్లు చూసొచ్చాను. నాలుగుండాలి, మూడే ఉన్నాయి. ఒకదాంట్లో ఇసుక సగం, పైన నాలుగు టీ కప్పులు, బీడీ ముక్కలు. రెండోదాంట్లో ఎవరో తులసి మొక్క నాటారు. నాలుగోది క్యాంటీన్‌లో దొరికింది, ఉల్లిపాయలతో. క్యాంటీన్ కుర్రాణ్ణి అడిగితే "మీదేనా అన్నా, పేరు రాసుకోవాల్సింది కదా" అన్నాడు.